నాయన రజాయి విప్పిన పొద్దు

ఎమ్మిగనూరులో మా ఇంటి ముందుగదిలో టీవీకి పైన ఒక ఫోటో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని దగ్గరే ఆగుతారు. పచ్చటి తేయాకు తోట, వెనక కొండ మీంచి మెల్లగా దిగుతున్న పొగమంచు, ముందర మేం ఐదుగురం: అమ్మ, నాయన, మా ఆయన, పదేళ్ల మా పాప, నేను. అందరం నవ్వుతున్నాం. అమ్మ కొప్పు మీద తెల్లగా చిన్నది ఏదో ఉంటుంది. చూసినవాళ్లు పూరేకు అనుకుంటారు. "శ్రీలంక పోయొచ్చినారంట కదా టీచరమ్మా, ఎంత బాగొచ్చిందో! దిష్టి తీసుకోండి" అంటారు. నేను కాఫీ చేతికిచ్చి మాట మారుస్తాను.

అది పూరేకు కాదు, ఈక. ఆ ఫోటోకు గంట ముందు నేను నాయనను నోటికొచ్చినట్టు తిట్టాను.

నాయన ఆదోని మార్కెట్ యార్డులో నలభై ఏళ్లు ఒక మండీ సావుకారు తరఫున పత్తి నాణ్యం చూసిన మనిషి. ఆస్పరి దిక్కు నుంచీ పత్తికొండ దిక్కు నుంచీ రైతులు తెచ్చి పోసిన కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపలి నుంచి ఇంత పత్తి తీస్తాడు. గింజ వేరు చేసి, మిగిలిన దూది పింజను రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగుతాడు. లాగిన రెండు ముక్కల్నీ కలిపి మళ్లీ లాగుతాడు. పోగులన్నీ ఒక వరసకొచ్చాక ఆయన కళ్లు సగం మూతపడతాయి. అప్పుడు చెబుతాడు, పింజ పొడవెంతో, తేమ ఎంతో, కాయ మీద వాన పడిందో లేదో. సావుకారు ఆ మాట మీదే ధర కట్టేవాడు. "నా వేలు తప్పు సెప్తే ఒక రైతు ఏడాది కష్టం మట్టిలో కలిసిపోతాది" అనే మాట నేను అక్షరాలు రాకముందు నుంచీ విన్నాను.

శ్రీలంక పోయే నాటికి ఆ వేళ్లకు స్పర్శ పోతోంది. చక్కెర జబ్బు మెల్లమెల్లగా వాటిని తినేస్తోంది. వచ్చే పత్తికి అవి పనికొస్తాయా రావా అన్న దిగులు ఆయన లోపల ఏడాదిగా ఉంది. మాకెవరికీ చెప్పలేదు. ఆ దిగులునే మాతోపాటు సముద్రం దాటించి తెచ్చాడు.

ఇప్పుడు వెనక్కి చూస్తే అన్నీ కనిపిస్తాయి. పాస్‌పోర్టు ఆఫీసులో వేలిముద్రల అద్దం మీద ఎన్నిసార్లు వేళ్లు పెట్టినా యంత్రం ఒప్పుకోలేదు. గుడ్డతో తుడిచి పెట్టమన్నారు, తడిపి పెట్టమన్నారు. నాయన ముఖం చిన్నబోయింది. తర్వాత తేరుకుని, "గీతలన్నీ పత్తి తినేసింది సార్" అన్నాడు. అందరం నవ్వాం. నేను గట్టిగా నవ్వాను. చివరికి యంత్రం ఎట్లాగో ఒప్పుకుంది. బయటికొచ్చాక ఆయన చాలాసేపు తన చేతులను ఎవరో అప్పగించిన వస్తువుల్లా చూసుకుంటూ నిలబడ్డాడు. ఎండకు తల తిరిగిందేమో అనుకుని నేను మజ్జిగ కొని తాగించాను.

నా సంగతి కూడా చెప్పాలి. నేను పట్టిక వేసుకోనిదే గడప దాటని మనిషిని. బడిలో టైంటేబుల్ రాసీ రాసీ అట్లా తయారయ్యాను. వేసవి సెలవుల్లో వారం రోజుల ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచీ పట్టిక రాశాను. ఏ రోజు ఏ బట్టలు, ఏ చోట ఫోటో, అన్నీ అందులో ఉన్నాయి. తేయాకు తోటలో అందరం నీలం రంగు వేసుకోవాలని ఎమ్మిగనూరులోనే తెలిసిన మగ్గం ఇంట్లో నేయించాను. "పెండ్లికి కూడా ఇంత చేయలేదు కదమ్మే" అంది అమ్మ. అమ్మది అదే ఊళ్లో నేతపని ఇల్లు. పోగు తెగితే ముడి కనబడకుండా కలపడం ఆమెకు పుట్టుకతో వచ్చింది.

అమ్మకు నా పట్టిక మీద నమ్మకం లేదు. ఎవరికీ చెప్పకుండా పుండికూర ఊరగాయ సీసా, అదే గోంగూర పచ్చడి, నాయన నీలం చొక్కాలో చుట్టి పెట్టెలో పెట్టింది. బెంగళూరులో విమానం ఎక్కి కొలంబోలో దిగేసరికి ఆ చొక్కా ఊరగాయలో ఊరింది. పెట్టె తెరిచిన హోటల్ గది అంతా మా వంటిల్లు వాసన వచ్చింది. నేను కూలబడిపోయాను. నాయన మాత్రం ఆ వాసన పీల్చి, "ఇంగ పరదేశం యాడ వచ్చినట్టు? ఆదోనిలోనే ఉండాము" అన్నాడు. చివరికి ఫోటో పూట ఆయనకు మా ఆయన చొక్కా ఒకటి తొడిగాం. మా ఆయన పొడగరి. చొక్కా చేతులు నాయన వేళ్లను కూడా కప్పేశాయి. ఫోటోలో నీలం లేనిది ఆయన ఒక్కడే.

ప్రయాణమంతా నాయన కనబడినవన్నీ తడుముతూనే ఉన్నాడు. విమానంలో సీటు గుడ్డ, కొలంబో హోటల్లో పరదా, గుడి దగ్గర ఒకాయన భుజం మీది తెల్ల కండువా కూడా. ఆయన తిరిగి చూసి నవ్వాడు కాబట్టి సరిపోయింది. "చేతులు ఊరకే పెట్టుకోలేవా నాయనా, మనల్ని ఏమనుకుంటారు?" అని విసుక్కున్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నాలుగడుగులు పోయాక మళ్లీ మామూలే. మార్కెట్ అలవాటు అనుకున్నాను. తన వేళ్లు ఇంకా బతికున్నాయో లేదో ఒక్కో గుడ్డనూ అడుగుతున్నాడని నాకెట్లా తెలుస్తుంది?

క్యాండీ నుంచి కొండల మీదికి పోయే రైలెక్కాం. కిటికీలోంచి జలపాతాలు, లోయలు కనబడతాయని పాపకు నెల రోజులుగా ఊరించాను. ఎక్కిన గంటకే పొగమంచు కమ్మింది. ఇక ఏమీ లేదు. కిటికీ నిండా తెలుపు. అప్పుడప్పుడు ఒక చెట్టు దగ్గరికొచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి పోయేది. పాప మలుపులకు తట్టుకోలేక నా చీర మీదే కక్కింది. నేను కొంగు కడుక్కొస్తుంటే నాయన కిటికీకి నుదురు ఆనించి కూర్చుని ఉన్నాడు. రెండేళ్లు వరసగా వాన పడితే గొప్ప అనుకునే ఊళ్లో పుట్టినవాడు. "సూడమ్మే, మబ్బు నేల మీద నడుస్తాంది" అన్నాడు అమ్మతో. అమ్మ చెయ్యి బయటికి చాపింది. నాయన కూడా చాపాడు. "సల్లగుంది కదా?" అంది అమ్మ. ఆయన చెయ్యి లోపలికి తీసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు. ఆ తెల్లదనంలో రైలు ఎంతసేపు పోయిందో నాకు గుర్తులేదు. నా జీవితంలో పట్టిక లేకుండా గడిచిన పూట అదొక్కటే.

రైలు దిగి నువార ఎలియ అనే కొండ మీది ఊరు చేరాం. చలి. హోటల్ పాత బంగళా. మంచాల మీద కప్పుకోవడానికి మోకాలెత్తు రజాయిలు, తెల్లగా, ఉబ్బుగా. అంత మందాన ఉన్నా ఎత్తితే బరువే లేదు. మర్నాడు పొద్దున అందరం టిఫినుకు దిగాం. నాయన తర్వాత వస్తానన్నాడు. ఎంతకీ రాలేదు. బయట కారు డ్రైవరు, మంచు తొలగిపోక ముందే తోట దగ్గరికి పోతే ఫోటో బాగుంటుందని తొందరపెడుతున్నాడు. నేను పైకి పోయి తలుపు తోశాను.

గది నిండా ఈకలు. గాలిలో ఈకలు, అద్దం మీద ఈకలు, ఆయన తలమీద, కనుబొమల మీద ఈకలు. కిటికీ తెరిచి ఉంది. బయటి మంచూ లోపలి తెలుపూ కలిసిపోయి గదికి గోడలున్నట్టే అనిపించలేదు. చిన్నప్పుడు నాయనతో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లుకు పోతే ఇట్లాగే ఉండేది. అక్కడ తెలుపు కింద నిలబడి నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఒక్క క్షణం ఆ చిన్నపిల్లనే అయ్యాను. తర్వాత మంచం అంచున నాయన కనబడ్డాడు. గోళ్లు కత్తిరించే కత్తెరతో రజాయి మూల కుట్టు విప్పాడు. రెండు బొటనవేళ్ల మధ్య ఏదో పట్టుకుని లాగుతున్నాడు, కలుపుతున్నాడు, మళ్లీ లాగుతున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "నీకు బుద్ధుందా నాయనా? ఇదేమన్నా నీ మార్కెట్ యార్డా? పరదేశంలో మానం తీస్తాండావే! ఏడేండ్ల పిల్లోడు కూడా ఇట్లా చేయడు!" ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. నా వెనకే వచ్చిన అమ్మ, పాప గుమ్మంలో నిలబడిపోయారు.

నాయన తల ఎత్తలేదు. "ఈకలని తెలీలేదమ్మా" అన్నాడు.

"ఎట్లా తెలీదు?"

"కన్ను మూసుకోని లాగి సూసినా. దూదే అనుకున్నా. మంచి పొడుగు పింజ అనుకున్నా." చేతిలోది నా ముందు పెట్టి అన్నాడు, "కన్ను తెరిస్తే ఈక."

నాకు మొదట అర్థం కాలేదు. ఇంకో మాట అనబోయి ఆగాను. ఆదోనిలో వందల కుప్పల్లో ఏ కుప్ప ఏ ఊరి చేనుదో చీకట్లో చెప్పగలిగిన మనిషి ఈకనూ దూదినీ వేరు చేయలేకపోయాడు. ఆయన పక్కనే కూర్చున్నాను.

అమ్మ సంచిలోంచి సూదీ దారం తీసింది. నేలమీది ఈకలు గుప్పిళ్లతో ఎత్తి రజాయిలోకి నింపసాగింది. "ఉగాది కాడ్నుంచి సొక్కా గుండీలు నేనే పెడతాండాను. నాకు తెలీదనుకున్నావా?" అంది నాయనతో, ముఖం చూడకుండా. ఆమె కుట్టు వేసుకుంటూ పోతుంటే విప్పిన గుర్తు కూడా మిగల్లేదు. పాప తాత తలలోంచి ఈకలు ఒక్కొక్కటే ఏరింది. తర్వాత నేను కిందికి పోయి హోటల్ వాళ్లతో జరిగింది చెప్పాను. వాళ్లు నవ్వి, పరవాలేదన్నారు.

అంతా అయ్యాక తోటకు పోయాం. మంచు ఇంకా ఉంది. డ్రైవరు ఫోను పట్టుకున్నాడు. నాకు వేరే ఏం చేయాలో తెలియక, బడిలో గ్రూపు ఫోటోకు అన్నట్టే "అందరూ నవ్వండి" అన్నాను. అందరికంటే ముందు నవ్వింది నాయన.

ఆ నవ్వు నన్ను నెలల తరబడి వదల్లేదు. నేను నవ్వమన్నానని నవ్వాడు, అన్ని మాటలు పడి కూడా. ముందుగదిలోకి పోయినప్పుడల్లా ఫోటో తీసి లోపల పెట్టేద్దామా అనుకునేదాన్ని.

దసరా దాటి యార్డుకు పత్తి రావడం మొదలయ్యాక ఒక ఆదివారం ఆదోని పోయాను. నాయన ఇంట్లోనే ఉన్నాడు. మొదటి కుప్ప దిగకముందే సావుకారు దగ్గరికి పోయి, "ఇంగ నా మాట మీద ధర కట్టొద్దు సావుకారూ" అని చెప్పి వచ్చేశాడట. ఊరికే వచ్చి కూర్చోమని సావుకారు అన్నా ఒప్పుకోలేదట. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అడిగేశాను.

"ఆ పొద్దు నేను అన్ని మాటలంటే, ఫోటోలో ఎట్లా నవ్వినావు నాయనా?"

"నిజంగానే నవ్వినానమ్మా" అన్నాడు. "ఏడాది దాచినా. నీవు తిట్టినాక ఇంగ దాచే పనిలేదు. పానం తేలికైపాయె."

నేను కళ్లు తుడుచుకున్నాను. ఆయన అదేమీ పట్టించుకోకుండా కిటికీ గూట్లోంచి ఒక కాగితం పొట్లం తీశాడు. అందులో గుప్పెడు పత్తి. ఆస్పరి దగ్గరి రైతు ఒకాయన పొద్దున ఇంటికొచ్చి ఇచ్చిపోయాడట. నాయన చూడందే తన పత్తి అమ్మనన్నాడట. వేళ్ల సంగతి చెప్పినా వినలేదట.

"పట్టుకో" అని ఆ పత్తి నా చేతిలో పెట్టాడు. గింజ ఎట్లా తీయాలో, పింజ ఎక్కడ పట్టాలో చెప్పాడు. లాగాను, కలిపాను, మళ్లీ లాగాను. పోగులు వరసకొచ్చేదాకా ఆయన నన్ను వదల్లేదు.

"ఎట్లుంది?"

"మెత్తగా ఉంది. పొడుగ్గా ఉంది."

"నిజంగా పొడుగుందామ్మా?" అన్నాడు. నాకు బుద్ధెరిగాక పత్తి గురించి ఆయన ఒకరిని అడగడం వినడం అదే మొదటిసారి. పోగులను నా గోటికి ఆనించి పొడవు చూసి, "నిజంగా" అన్నాను.

"అయితే ఆయప్పకు ఫోన్ చేసి సెప్పు. తక్కువకు ఇయ్యొద్దని సెప్పు."

ఫోను తీశాను. నంబరు నొక్కే ముందు ఆ పత్తిని మళ్లీ ఒకసారి లాగి చూశాను.