నిమ్మకాయ నలగని పెళ్లి బస్సు

నా పెళ్లికి వచ్చినవాళ్లు ఇవాళ్టికీ భోజనాల గురించి మాట్లాడరు, బస్సు గురించే మాట్లాడతారు. పెళ్లికూతురిది ఎల్లారెడ్డి, నాది కామారెడ్డి, మధ్యలో గంట పైచిలుకు దారి. అంత చిన్న దారిలో ఒక మనిషి ఎంత పరువు పారబోసుకోవచ్చో చెబుతాను, వినండి.

అది 2011. బొంబాయి రూట్లో తిరిగి తిరిగి అలిసిపోయిన పొడుగాటి పాత బస్సొకటి మా బావ కొన్నాడు. డ్రైవర్‌ని నేను. మామూలు బస్సుకు ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు, మొత్తం ఆరు టైర్లు. దీనికి ఆ వెనక చక్రాల వెనక ఇంకో ఇరుసు, దానికి రెండు టైర్లు. ట్యాగ్ యాక్సిల్ అంటారు. బస్సు అప్పగించడానికి వచ్చిన పాత డ్రైవర్ ఖాజా భాయ్ స్టీరింగ్ పక్కనున్న ఎర్ర స్విచ్ చూపించి పాఠం మొదలుపెట్టాడు.

"ఇరుకు మలుపొస్తే ఇది నొక్కు. ఆఖరి చక్రాలు లేస్తయి, బస్సు అల్కగ తిరుగుతది. రోడ్డెక్కినంక మళ్ల నొక్కి దించు, లేకుంటె బరువంత నడిమి చక్రాల మీద పడతది. ఇదంత గాలి మీద నడిచే పని, గాలి టాంకిల నీళ్లు దినాం వదలాలె. సమజయ్యిందా?"

"అయ్యింది భాయ్" అన్నాను. ఒక్క ముక్క కాలేదు. కానీ అప్పుడే పెళ్లి కుదిరింది, కాబోయే మామ బస్సు చూడ్డానికి వచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు. ఇంత పెద్ద బస్సు తోలే అల్లుడని ఆయన మురిసిపోతుంటే, తెలియలేదని ఏ నోటితో అనను? తలూపాను. గంగిరెద్దు కూడా అంత నమ్మకంగా ఊపదు.

పెళ్లిరోజు పొద్దున బస్సు తాళాలు తీసుకుంటుంటే అవ్వ అడ్డం వచ్చింది. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం.

"పెండ్లికొడుకే తోలుడేందిరా? నలుగురు నవ్వుతరు."

"ఈ బస్సు తోలుడు ఇంకొకలకు తెల్వదే అవ్వా!"

గల్లీ మలుపులో దర్జాగా స్విచ్ నొక్కి, బస్సు తిప్పి ఇంటిముందు ఆపాను. దించడం మరిచిపోయాను. అవ్వ కొబ్బరికాయ కొట్టి, ఎనిమిది టైర్ల ముందు ఎనిమిది నిమ్మకాయలు పెట్టించింది. అవి నలిగితేనే ప్రయాణం, అది మా పద్ధతి. బస్సును మూడడుగులు ముందుకు కదిపానో లేదో అవ్వ కేక వినిపించింది.

"ఆపురా! ఆపు!"

ఇంజన్ ఆపి దిగాను. ఆరు నలిగాయి. చివరి రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

"నిమ్మకాయ నలుగలే. నేను బస్సెక్క" అని అవ్వ అరుగు మీద కూర్చుంది. అవ్వ ఎక్కకపోతే పెళ్లిబస్సు కదలదు. ముహూర్తం పదకొండున్నరకు. అప్పటికే తొమ్మిదిన్నర.

మా బాపు తమ్ముడు మల్లయ్య కాక వంగి చూశాడు. "ఓరి నీ! ఎనక చక్రాలు భూమికి అంటుతనే లేవు. బస్సు కాలెత్తిందిరా!"

పరుగెత్తి స్విచ్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒకసారి నొక్కాలా, రెండుసార్లా? నొక్కి పట్టుకోవాలా? ఖాజా భాయ్ ఏం చెప్పాడో ఎంత తన్నుకున్నా గుర్తురాదు, నా తల ఊగడం ఒక్కటే గుర్తొస్తోంది.

"ఖరాబైందా?" అన్నాడు కాక.

"లే కాకా, అదట్లనే ఉంటది."

"పొద్దుగాల కిందనే ఉండె గదరా?"

"గట్ల గూడ ఉంటది."

కాక గడ్డం గోక్కున్నాడు. "బరువు చాలక లేచిందిరా. అందర్ని ఎనక సీట్లల్ల కూసోవెట్టు, అదే దిగుతది!"

నవ్వకండి, నాకూ అది సబబుగానే తోచింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు, నేను పట్టిన బస్సుకు రెండే ఇరుసులు. అవ్వ తప్ప మిగిలిన నలభై మందినీ చివరి వరుసల్లో ఒకరి ఒళ్లో ఒకరిని కుక్కాం. బస్సు తోక కాస్త వంగింది.

"దిగుతాంది! ఇంకో ఇద్దరు లావుగున్నోళ్లు రాండ్రి!" అని కాక అరిచాడు. చూడ్డానికి చేరిన గల్లీ జనంలో లావుగా ఉన్నామని ఒప్పుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

పెళ్లిబట్టలతోనే పక్కకు ఒరిగి చక్రం పట్టుకుని కిందికి లాగుతుంటే ఫోన్ మోగింది. మామ.

"అల్లుడా, యాడిదాక వచ్చిండ్రు?"

"లింగంపేట దాటినం మామా."

"నేను లింగంపేట చౌరస్తలనే నిలవడ్డ బిడ్డా, మిమ్ముల తీస్కపోదామని. గంత పెద్ద బస్సు నా కండ్లవడకుంట ఎట్ల దాటింది?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక గత్యంతరం లేక ఖాజా భాయ్‌కి ఫోన్ కొట్టాను.

"భాయ్, స్విచ్ పనిచేస్తలేదు."

"ఇంజన్ చాలుందా?"

"లేదు, బందువెట్టిన."

"ఇంజన్ బందువెడితే గాలి యాడికెళ్లి వస్తది? నీ పెండ్లికొచ్చి నేను ఊదాలెనా?"

ఇంజన్ స్టార్ట్ చేసి, గాలి నిండేదాకా ఆగి నొక్కాను. బుస్సుమంటూ చక్రాలు దిగాయి. అవ్వ రెండు నిమ్మకాయలూ మళ్లీ పెట్టింది. పచ్, పచ్. అవ్వ ఎక్కింది. ఇక చూడండి, ఎల్లారెడ్డి దాకా నా పాదం యాక్సిలరేటర్ మీంచి లేస్తే ఒట్టు.

ముహూర్తానికి పావుగంట ఉందనగా ఫంక్షన్ హాలు గేటు ముందుకొచ్చాం. ఇరుకు మలుపు. స్విచ్ నొక్కాల్సింది సరిగ్గా ఇక్కడే. కానీ ఎత్తితే మళ్లీ దిగకపోతే? వేలు అక్కడిదాకా పోయి వెనక్కి వచ్చేసింది. నొక్కకుండానే తిప్పాను. ఆఖరి చక్రాలు తిరగమని మొండికేసి కీచుమంటూ నేలను గీకాయి. బస్సు మూల తగిలి స్వాగత తోరణం పెళపెళ విరిగి, లింగంపేట నుంచి తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డ మామ కాళ్ల ముందు పడింది.

ముహూర్తం తప్పలేదు. గ్రీజు చేతులతోనే తాళి కట్టాను. అప్పగింతల వేళ మామ కళ్లు తుడుచుకుని బిడ్డ చెయ్యి నా చేతిలో పెట్టాడు.

"బిడ్డను నీకిస్తున్న అల్లుడా. గని ఆ బస్సుల మాత్రం ఎక్కియ్య."

ఎక్కించలేదు. పెళ్లికూతురు, అవ్వ, కాక, చుట్టాలు అందరూ ఎర్రబస్సులో ముందు. వెనక నా బస్సులో నేనొక్కడినే, నుదుటన బాసింగంతో. తాడ్వాయి దగ్గర ఇద్దరు ప్రయాణికులు చెయ్యెత్తితే ఆపాను. మెట్టెక్కి, ఖాళీ సీట్లు చూసి, నన్ను చూసి, గబగబా దిగిపోయారు.

ఆ రోజు ఆ స్టీరింగ్ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: సమజయ్యిందా అని ఎవరడిగినా, కాకపోతే కాలేదనే చెబుతాను, పక్కన పిల్లనిచ్చిన మామ ఉన్నా సరే.