బ్లాస్టింగ్ దాకా ఆగండి సార్

తొంభైలలో, కమాన్‌పూర్ దారిలో, మా ఇంటి ముందు గదిలోనే కంప్యూటర్ సెంటర్ పెట్టాను. దగ్గరలోని ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ కాగానే నా కొత్త కంప్యూటర్ ఆగిపోయేది. హైదరాబాదులోని కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటే జవాబు. "ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చెయ్యండి మేడం." బ్లాస్టింగ్ సంగతి చెబితే నవ్వేవాళ్లు. నా ఒళ్లు మండిపోయేది.

తిట్టగా తిట్టగా చివరికి ఇంజనీరును పంపారు. ఆయన పొద్దున వచ్చి, అటూ ఇటూ చూసి, "మెషిన్ బ్రహ్మాండంగా ఉంది" అంటూ బ్యాగు సర్దుకున్నాడు. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అన్నం తినకుంట పోతె ఎట్ల బిడ్డా? కూసో."

బ్లాస్టింగ్ వేళ దాకా ఆయన కదలకుండా, కోడికూరను కావాలనే సన్న మంట మీద ఉడికించింది.

ఆయన చెయ్యి కడుక్కుంటుండగా గని సైరన్ మోగింది. కాసేపటికి నేల అదిరింది, కిటికీలు దడదడలాడాయి. ఇంజనీరు టేబుల్ కిందికి దూరాడు. కంప్యూటర్ నేర్చుకుంటున్న అమ్మాయి మాత్రం ఉలకలేదు. నల్లబడిన స్క్రీన్ చూసి, "అక్కా, పోయింది" అంది, రోజూలాగే.

ఆయనను నేరుగా పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు తీసుకెళ్లాను. కంపెనీకి ఫోన్ కలిపి, కళ్లారా చూసిందంతా చెప్పాడు. అవతలి మాట వింటూ వింటూ ఆయన మొహం ఎర్రబడింది.

"ఆపి ఆన్ చెయ్యడం కాదయ్యా! ముందు కొత్త మెషిన్ పంపించు!"

నేను స్టూలు జరిపి ఆయన పక్కన వేశాను.

"కూసోని నిమ్మళంగ తిట్టుండ్రి సార్. బిల్లు నేను కడత."