జపాన్ దొరకు శుచైన హోటల్

అడగొద్దండప్పా! మొన్న ఆదివారం మంచిపేరు తెచ్చుకుందామని పోయి, ఉన్న పేరు గూడా పోగొట్టుకొని వచ్చినా.

మా హిందూపురం పట్టునూలు మిల్లులో కొత్త మిషన్లు బిగించేదానికి జపాన్ నుంచి తనాకా అని ఒకాయన వచ్చినాడు గదా. శనివారం మా షావుకారు నన్ను పిలిచి, "నారాయణా, నీకు ఇంగ్లీషు వస్తాది. రేపు ఆయనకు సెలవు. రైల్లో పిలుచుకొని పోయి పెనుకొండ కోట, ధర్మవరం మగ్గాలు చూపించుకొని రా. రాత్రికి మా ఇంట్లో భోజనం. ఆయన మనసు నొచ్చుకొని మిషన్లు సగంలో వదిలేసి పోయినాడంటే మనం మునిగినట్లే!" అన్నాడు.

నా ఇంగ్లీషు సంగతి మీకు తెలుసు. తనాకాది నాకంటే అధ్వాన్నం!

పొద్దున్నే స్టేషన్ కాడ కలిసినాడు. నడుం వంచి దండం పెట్టి, "గుడ్ సుషి హోటల్, ప్లీజ్?" అన్నాడు.

శుచి! నాకు ఒళ్ళు పులకరించిపోయింది. ఎంత ఆచారం గల మనిషప్పా! సముద్రాలు దాటొచ్చి శుచైన హోటల్ అడుగుతాండాడు!

"ఎస్ సార్! వెరీ శుచి!" అని స్టేషన్ ఎదురుగా ఉడిపి భట్టు హోటల్‌కు తీసుకపోయినా. ఇడ్లీ తిన్నాడు. తిని, చుట్టూ చూసి, "సుషి?" అన్నాడు మళ్ళీ.

అంటే భట్టు శుచి ఈయనకు చాలలేదన్నమాట!

పెనుకొండలో కోట ఎక్కి దిగేసరికి ఇద్దరికీ నాలుక పిడచకట్టింది. ఆడ మడి కట్టుకొని వండి పెట్టే ఒక అవ్వ ఉండాది. పోతానే, "ఎవురప్పా ఈయన? కాళ్ళు కడుక్కోమను. అరుగు మీదే కూర్చోమను, గడప దాటితే ఊరుకోను!" అని నీళ్ళు చల్లింది.

"సార్, దిస్ ఈజ్ టాప్ శుచి!" అన్నా గర్వంగా.

పాపం, చారన్నం తిని, విస్తరాకు ఎత్తి కింద గూడా చూసినాడు. "సుషి... నో?" అన్నాడు. ఏడుపు ముఖం పెట్టినాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇంతకంటే శుచి యాడ నుంచి తెచ్చేదప్పా!

ధర్మవరంలో మగ్గాలు చూసినంతసేపూ ఆయన ముఖంలో కళే లేదు. ఇంగ ఆఖరు ప్రయత్నం. ఉల్లిగడ్డను గూడా గడప దాటనీయని హోటల్ ఒకటి ఉండాదంటే ఆడికి తీసుకపోయినా. తనాకా నిట్టూర్చి, అన్నం గుప్పిట్లో ముద్ద చేసినాడు. చట్నీలో వేలు ముంచి ఆకు మీద బొమ్మ గీసినాడు. తోక, కన్ను, రెక్కలు. ముద్దనూ బొమ్మనూ తట్టి చూపించి, "సుషి!" అన్నాడు.

చేప! "ఫిష్?" అని నేనంటే, ఆ మాట అప్పుడే నేర్చుకున్నట్ల "ఫిష్! ఫిష్!" అని తలూపినాడు. పొద్దున్నుంచి ఆ మహానుభావుడు అడుగుతాండేది చేపన్నం!

హోటలాయన గూడా చూసినాడు. "ఏమబ్బా! నా హోటల్లో, నా అరిటాకులో చేపనా? లెయ్యండి ఇద్దరూ!"

చేతులు గూడా కడుక్కోనీయలేదు. పరుగున మాంసం వండే మిలటరీ హోటల్‌కు పోతే, "చెరువే ఎండిపోయింటే చేపలు యాడివప్పా? ఉన్న మాంసమూ మధ్యాన్నమే అయిపోయ" అన్నారు.

సాయంత్రం ప్యాసింజరు ఎక్కినాం. మిషన్లు, మిల్లు, నా బతుకు అన్నీ కిటికీలోంచి పోతాండట్ల కనపడినాయి. అంతలో ఒకామె ఎండుచేపల గంపతో ఎక్కింది. పెట్టెలో అందరూ ముక్కులు మూసుకున్నారు. తనాకా మాత్రం లేచి పోయి ఆ గంప ముందర గొంతుక్కూర్చున్నాడు!

ఆమె బిత్తరపోయి ఒక చేప ఇచ్చింది. కండ్లు మూసుకొని నమిలినాడు. బుగ్గల మీద నీళ్ళు కారినాయి.

"ఏమప్పా, ఈ సామిని ఏం చేసినావు? ఇట్ల ఏడుస్తాండాడు!" అని ఆమె నన్ను కసిరి, ఇంకో గుప్పెడు పోసింది. ఆయన వాటిని కోటు జేబులో పెట్టుకున్నాడు.

హిందూపురంలో దిగితే మా షావుకారు పూలదండతో నిలబడినాడు, పక్కన భార్య. ఆ ఇంట్లో కోడిగుడ్డు పేరు గూడా ఎత్తరు. షావుకారు దండ వేసేదానికి దగ్గరికి పోయి, ఎండుచేపల కంపుకు ఊపిరి బిగబట్టినాడు. తనాకా నడుం వంచి, జేబులోంచి ఒక చేప తీసి ఆయమ్మ చేతిలో పెట్టి, "మిస్టర్ నారాయణ వెరీ గుడ్! ఫిష్!" అన్నాడు.

మూడు ఊర్లు తిరిగినా దొరకని చేప, ఎవరో ఇచ్చింది, పేరు మాత్రం నాకు!

సోమవారం నుంచి షావుకారు నన్ను ఆఫీసులో కాదు, పట్టుగూళ్ళు ఉడికించే షెడ్డులో కూర్చోబెట్టినాడు. ఆ ఉడికిన పురుగుల వాసన ముందర ఎండుచేప అత్తరప్పా! ఇప్పుడు గూడా ఒళ్ళు రుద్దుకొని రుద్దుకొని స్నానం చేసే వచ్చినా. అయినా మీరంతా టీ గ్లాసులు ఎత్తుకొని బెంచీ ఆ కొసకు ఎందుకు జరిగినారో నాకు తెలీదా ఏం?