హద్దులు తీసేసిన దస్తావేజు

పల్నాడు కొత్తగా జిల్లా అయిన ఏడాది, జూన్ నెలలో, నరసరావుపేటలోని నా ఆఫీసుకు గురజాల నుంచి అనసూయ అనే లెక్కల టీచరు వచ్చింది. నేను సివిల్ లాయరును. అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్లుగా పొలం గట్ల తగాదాలు, వాటాల దావాలు, అమ్మకపు దస్తావేజులు చూస్తున్నాను. ఆమె తెచ్చిన పని వాటిలో ఏదీ కాదు. తాను తయారుచేసిన ఆటకు లైసెన్సు రాసిపెట్టమంది.

ఆ ఆటకు ఒక బల్ల, పాచికలు, పుస్తకం ఉంటే చాలు. ఒకరు కథ నడుపుతారు, మిగిలిన నలుగురైదుగురు తలా ఒక పాత్ర అవుతారు. పాత్ర తలపెట్టిన పని నెరవేరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. అనసూయ పుస్తకంలో కథ జరిగేది శత్రువులు చుట్టుముట్టిన ఒక కొండకోటలో. మూడేళ్లు కూర్చుని రాసింది. వినుకొండలో నోటుపుస్తకాలు అచ్చువేసే సుబ్బారావు, అవే నియమాలతో ఆడుకునే చిన్న కథల పుస్తకాలు తాను వేసి అమ్ముకుంటానన్నాడు. ఈ రంగంలో దీన్ని థర్డ్ పార్టీ లైసెన్సు అంటారు. ఆట తయారుచేసినవారూ, కొని ఆడేవారూ కాక, ఆ ఆటకు అనుబంధ పుస్తకాలు వేసుకునే మూడో పక్షానికి ఇచ్చే అనుమతి అది.

మా గుమాస్తా కోటయ్య ఊరుకోలేదు. "పాచికలాటకు దస్తావేజేందమ్మా? రేపు పేకాటక్కూడా రాయిచ్చుకుంటారేంది?"

"పేకముక్కల్ని నేను కనిపెట్టలా బాబాయ్. దీన్ని నేనే కనిపెట్టా," అంది అనసూయ.

విదేశాల్లో ఇలాంటి లైసెన్సులు ఎలా ఉంటాయో నాలుగు పేజీల నమూనా తెచ్చిచ్చింది. మొదటి పేజీ చూసి పక్కన పెట్టాను. గంటలో పత్రం తయారైంది. సుబ్బారావునూ పిలిపించి చదివి వినిపించాను. ఇద్దరూ సంతకాలు చేశారు.

ఏడు నెలలకు ఆమె మళ్లీ వచ్చింది. కోట కథకు రెండో భాగం రాసి అచ్చుకు ఇవ్వబోతే సుబ్బారావు నోటీసు పంపాడు.

"నా కోట గురించి నన్నే రాయొద్దంటన్నాడు సార్. చానా దూరం పోయింది యవ్వారం."

నేను రాసిన పత్రాన్ని ఎదుటిపక్షం లాయరులా చదివాను. ఏం జరిగిందో అర్థమైంది. ఆ రోజు కంప్యూటరులోని పాత అమ్మకపు దస్తావేజు తెరిచి, పేర్లు మార్చి, సర్వే నంబరు చోట పుస్తకం పేరు పెట్టాను. 'పుత్ర పౌత్ర పారంపర్యంగా దాన విక్రయాది సర్వ హక్కులతో' అనే వాక్యం చివర అలాగే ఉండిపోయింది. పుస్తకానికి నాలుగు దిక్కులు లేవు కదా అని హద్దుల షెడ్యూలు మాత్రం తీసేశాను. లైసెన్సులో నిజానికి కావలసింది హద్దులే: ఏది వాడుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు, ఎన్నాళ్లు. ఉండాల్సింది తీసేసి, తీసేయాల్సింది ఉంచాను. అనుమతి కాస్తా అమ్మకమైంది. కాపీరైటు బదిలీకి రాత, సంతకం ఉంటే చాలు, రిజిస్ట్రేషను అక్కర్లేదు.

సుబ్బారావుకు ఫోను చేసి పొరపాటు నాదని చెప్పాను.

"రాసింది మీరే గదండీ లాయరు గారూ. నేనేమన్నా చెయ్యి పట్టుకొని రాయిచ్చానా?" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

పత్రాన్ని సవరించమని దావా వేయవచ్చు. కానీ అది సంతకం చేసిన ఇద్దరి పొరపాటూ అని రుజువు చేయాలి. అందులో నేను సాక్షినవుతాను, సాక్షి అయిన లాయరు ఆ కేసు వాదించకూడదు. ఇవన్నీ అనసూయకు చెప్పాను. నా మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చని కూడా చెప్పాను.

"ఫిర్యాదు చేస్తే నా కోట నాకొస్తదా సార్?"

రాదన్నాను. అయితే ఒక దారి ఉంది. ఆట ఆడే పద్ధతికి కాపీరైటు ఉండదు, దాన్ని వివరించిన వాక్యాలకూ, కల్పించిన కథకూ మాత్రమే ఉంటుంది.

"అంటే వాక్యాలు ఆయనవి, లెక్క నాది. అంతేగా?"

"లెక్క ఎవరిదీ కాదమ్మా," అన్నాను.

కోటను, అందులో తాను పుట్టించిన మనుషులను సుబ్బారావుకు వదిలేసింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మీద కొత్త కథ అల్లి, నియమాలన్నీ మొదటి నుంచి వేరే మాటల్లో రాసింది. ఆ నాలుగు పేజీల నమూనా చదువుకుని, వెనక పేజీలో లైసెన్సు కూడా తానే రాసింది: నియమాలు ఎవరైనా వాడుకోవచ్చు, బట్టీలూ, అక్కడి మనుషులూ, ఆట పేరూ తనవి, ఈ ఆటతో ఆడుకోవచ్చని మాత్రం అట్ట మీద వేసుకోవచ్చు. నన్ను చూడమంది. మార్చాల్సిందేమీ కనిపించలేదు.

ఆడేవాళ్లు కొత్త పుస్తకానికి మళ్లారు. ఏడాదికి సుబ్బారావు కూడా దానికి తగిన కథలు వేస్తానని స్టాంపు కాగితంతో గురజాల వెళ్లాడట. సంతకం అక్కర్లేదని, వెనక పేజీ చదువుకుంటే చాలని అనసూయ చెప్పి పంపింది. అదేం పత్రమండీ, సంతకం లేకుండా అని ఆయన నాకు ఫోను చేశాడు. చదవమనే చెప్పాను.

కోటను తిరిగిస్తారా అని కూడా అడిగాను. "అది కొన్నది గదండీ," అన్నాడు.

తాతల నాటి నుంచి వస్తోందన్న ఒక్క కారణంతో ఏ మాటకూ తలవంచవద్దని ముప్ఫై ఏళ్లు హేతువాద సభల్లో వాదించాను. నా కంప్యూటరులోని ఫారాన్ని మాత్రం ఒక్కసారీ నిలదీయలేదు. పాత ఫారం నుంచి పత్రం రాసే లాయరు, అర్థం అడగకుండా మంత్రం చదివే పురోహితుడి కంటే ఏ విధంగానూ మెరుగు కాదు. పురోహితుడి పొరపాటుకు ఎవరి ఆస్తీ పోదు. నా పొరపాటుకు అనసూయ మూడేళ్ల పని పోయింది, ఆ కోట ఇప్పటికీ ఆమెది కాదు.