పాఠంలో దూరిన ప్రశ్న

ఫిజిక్స్ టీచరుకు ఆ గీత ఎంతకీ అంతుపట్టలేదు. సగం పాఠాలు వీడియోలుగా ఇళ్ళకు పంపి, మిగతా సగం తరగతిలో చెప్పాలని కాలేజీ నిర్ణయించిన దగ్గర్నుంచి ఆమె ఇంట్లోనే ఫోను నిలబెట్టి పాఠాలు తీస్తోంది. పిల్లలు ఏ ముక్క చూశారో, ఎక్కడ మానేశారో కంప్యూటరు గీత గీసి చూపిస్తుంది. మామూలుగా అది మొదట్లో కాస్త తలెత్తి, తర్వాత నీరసంగా వాలిపోయేది. గొట్టంతో నీళ్ళు తోడే సైఫను పాఠంలో మాత్రం నడిమధ్యన కొండలా లేచింది. తరగతంతా అక్కడే వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ చూసింది.

ఏదో తప్పు చెప్పేశాననుకుంది. మర్నాడు తరగతిలో అడిగింది.

"అక్కడ ఏం అర్థం కాలేదర్రా?"

ముందు బెంచీ అమ్మాయి చెప్పింది. "అర్థం కాక కాదు మేడమ్. అక్కడ మీ అత్తగారొస్తారు కదా."

టీచరు నాలుక్కరుచుకుంది. ఆ రోజు అత్తగారు తువ్వాలు మడతపెడుతూ గదిలోకి వచ్చి, "మోటారు లేకుండా నీళ్ళు బకెట్టు అంచెక్కి ఎలా దిగుతాయమ్మాయ్?" అన్నారు. తనేమో "తర్వాత చెప్తాలెండి అత్తయ్యా" అంది. ఆ ముక్క కత్తిరించడం మరిచిపోయింది.

"తర్వాత చెప్పారా మేడమ్?" అడిగింది వెనక బెంచీ అమ్మాయి. ఏడాదంతా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చునే పిల్ల. "మేం ఇంట్లో చేసి చూశాం. నాకు దిగాయి, నా పక్కనున్న దీనికి దిగలేదు."

చెప్పలేదని ఒప్పుకోవడానికి టీచరుకు సిగ్గేసింది.

సాయంత్రం బకెట్లూ గొట్టమూ ముందేసుకుని, ఫోను పెట్టి, అత్తగారిని పిలిచింది. గొట్టం నిండా నీళ్ళు నింపి, ఒక కొస స్టూలు మీది బకెట్లో ముంచి, రెండోది కింద బకెట్లోకి వదిలింది. నీళ్ళు ధారకట్టాయి. అత్తగారు రెండో కొసను మెల్లగా పైకెత్తారు. స్టూలు మీది నీటిమట్టానికి వచ్చేసరికి ధార ఆగింది. దించితే మళ్ళీ పారింది.

"అయితే ఈ కొస కిందుండాలన్నమాట. మరి మధ్యలో గొట్టాన్ని ఎంత ఎత్తు లేపినా ఎక్కుతాయా?"

"ఎక్కవు అత్తయ్యా. పుస్తకంలో దానికో లెక్కుంది, దాదాపు పది మీటర్లు దాటితే ధార తెగుతుందని."

"నువ్వు చూశావా?"

"లేదు."

ఈసారి ఒక్క ముక్కా కత్తిరించకుండా పంపింది. మళ్ళీ తరగతికి వెళ్ళేసరికి పిల్లలు నీళ్ళు ఎంతెత్తు ఎక్కుతాయని వాదించుకుంటున్నారు. నీళ్ళు దిగని అమ్మాయి గొట్టంలో గాలి మిగిలిపోయిందని వెనక బెంచీ పిల్లే కనిపెట్టింది. తోటమాలిని బతిమాలి పొడవాటి గొట్టం తెచ్చి, నిండా నీళ్ళు నింపి, కొసలు రెండూ కింద ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో పెట్టిన బకెట్లలో ఉంచి, నడుమ భాగాన్ని మెట్ల మీదుగా ఎత్తుకుంటూ పోయారు. మొదటి అంతస్తు దాకా ధార ఆగలేదు. రెండో అంతస్తు మెట్ల మీద ప్రిన్సిపాలు ఎదురొచ్చారు.

"ఏమిటీ గోల?"

"కాస్త పట్టుకోండి సార్, వంగిపోతోంది," అన్నారు పిల్లలు.

ఆయన పట్టుకున్నారు. ఇంకాస్త ఎత్తగానే ధార తెగింది. పుస్తకంలోని ఎత్తు ఇంకా రానేలేదని టీచరు అంది. మళ్ళీ గాలి దూరిందని కొందరు, గొట్టమే నొక్కుకుపోయిందని కొందరు అన్నారు. గంట మోగినా ఎవరూ మెట్లు దిగలేదు.