చదును నేల

2000వ సంవత్సరం. మా ఆఫీసు మేడ్చల్‌లో. కొండ ఊళ్లలో భూకంపం వస్తే ఏ నేల ఎక్కువ ఊగుతుందో కొలవడం నా ఉద్యోగం. ఇనుప పలక మీద సమ్మెటతో కొట్టిస్తాం. వరసగా గుచ్చిన జియోఫోన్లు, అంటే నేల అదురును పట్టే పరికరాలు, ఆ అదురు ఎంత వేగంగా వచ్చిందో చెబుతాయి. బండలో వేగంగా పోతుంది, వదులు మట్టిలో నెమ్మదిస్తుంది. నెమ్మదించిన చోటే ఊపు ఎక్కువ.

పేట్ బషీరాబాద్‌లో మా పక్కింటి ప్రసాదరావు బాబాయిగారిది గోదావరి జిల్లా. ఆయన ఒక్కగానొక్క కూతురు సుజాత ఉత్తరాది కొండల్లో టీచరుగా చేసేది. అంతకుముందు ఏడాది భూకంపంలో ఇల్లు కూలి చనిపోయింది. తర్వాత ఆ ఊరి నేల కొలిచినవాళ్లలో నేనూ ఉన్నానని తెలిసి వచ్చారు.

“అదే కొండవాలులో పైనున్న ఇల్లు చెక్కుచెదరలేదటమ్మా. మా పిల్ల ఇల్లే ఎందుకు పడింది? మేస్త్రీ సిమెంటు మింగేశాడు. కేసు వేస్తాను. తప్పు వాడిదేనని నువ్వు రాసిస్తావా?”

కారణం నాకు తెలుసు. రిపోర్టు చూసి చెబుతానని దాటేశాను. శామీర్‌పేట చెరువు పక్కన పరికరాలు పరీక్షించే రోజు, తనూ చూస్తానని వెంట వచ్చారు.

“సారూ, జర ఆడ్నే నిలవడుండ్రి. మీరు నడిస్తే గా అదురు గూడ దీంట్ల వడ్తది” అన్నాడు సమ్మెట కొట్టే యాదగిరి.

బండ మీద కొడితే తెర మీద గీత సన్నగా కదిలి సద్దుమణిగింది. చెరువు ఒండ్రు మీద కొడితే పెద్దగా ఊగి, ఎంతకీ ఆగలేదు.

“మా అమ్మాయి ఇల్లు దేని మీదుందమ్మా?”

“ఏరు మేట వేసిన మట్టి మీద, బాబాయిగారూ. పై ఇల్లు బండ మీద.”

ఆయన అక్కడే కూలబడ్డారు. “ముందు ఆ పై ఇంట్లోనే దిగింది. చూడ్డానికి వెళ్తే ఆ ఏటవాలుకు నాకు కళ్లు తిరిగాయి. మాకు నేలంటే చదునుగా ఉండాలి, పక్కన నీళ్లుండాలి. పట్టుబట్టి కిందికి నేనే మార్పించాను.”

గోడలు మేం పరీక్షించలేదని, మేస్త్రీ తప్పూ ఉండొచ్చని అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

యాదగిరి సమ్మెట పక్కన పెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. “మీకేం ఎరుక సారూ. బిడ్డ మంచికే జేసిన్రు.” నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికి వస్తుంటే ఆయన ఒక్కటే అడిగారు. “మీ పిన్నికి చెప్పకమ్మా. ఆవిడ మేస్త్రీని తిట్టుకుంటోంది. తిట్టుకోనీ.”

ఆ తర్వాత ఏ కొండ ఊరికి వెళ్లినా రిపోర్టు ఆఫీసులో ఇచ్చి ఊరుకోలేదు. అద్దెకు ఇల్లు వెతుక్కునేవాళ్లు కనబడితే ఆపి మరీ చెప్పాను. నేల సంగతి మనుషులకు ముందే తెలియాలి. తర్వాత తెలిస్తే దాన్ని ఒక తండ్రి ఒంటరిగా మొయ్యాలి. పిన్నిగారు మేస్త్రీని శపించినప్పుడల్లా బాబాయిగారు తలూపేవారు. నేను తల దించుకుని వినేదాన్ని.