కోడి క్షేమం

క్షేమం గారికి ఒక్కటే జబ్బు. మాంసం వడ్డించే వేళకు ఎక్కడున్నా ప్రత్యక్షమై, "దీని కోడి బతికే ఉంది, క్షేమంగా ఉంది" అని చెప్పకపోతే ఆయనకు ఊపిరాడదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆయన పనిచేసేది కోడిని కోయకుండా కోడిమాంసం పెంచే ప్రయోగశాలలో. కోడి ఒంట్లోంచి చిటికెడు కండ తీసి, ఆ కణాలను స్టీలు పీపాల్లో పోషకాలు పోసి పెంచుతారు. పీపాలకు పెద్దదిక్కు ఆయనే. కండ ఇచ్చిన కోడిని కూడా ఇంటికి తీసుకెళ్ళి ఆయనే సాకుతున్నాడు. పెరిగిన మాంసాన్ని వండి, రుచి చూడవచ్చినవాళ్ళకు వడ్డించడం వంటావిడ పని. అతిథుల కళ్ళెదుటే కోసి వడ్డించాలి. లోపల ఎముకా నెత్తురూ లేవని చూపించాలిగా!

మొదట్లో ఆ మాంసం నమిలితే తడిసిన అట్టముక్కలా ఉండేది. వంటావిడ పీపాలవాళ్ళతో పోట్లాడి, మంటతో కుస్తీపట్టి, చివరికి వేళ్ళతో తీస్తే పోగులు పోగులుగా విడేలా సాధించింది. ఇక ఆవిడకు మిగిలిన కోరిక ఒక్కటే. ఎవరో ఒకరు పళ్ళెం ఖాళీ చేసి, బాగుందనాలి. ఆ ముచ్చట తీరనిస్తేగా క్షేమం గారు!

ఒకసారి ఓ విలేకరి ఆవురావురుమంటూ వచ్చి కూర్చున్నాడు. వంటావిడ కత్తి తీసిందో లేదో, ఈయన గుమ్మంలో ఊడిపడ్డాడు.

"క్షేమంగా ఉంది."

"ఎవరండీ?" అన్నాడు విలేకరి, ముక్క అందుకుంటూ.

"మీ చేతిలో ఉన్నావిడ."

విలేకరి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఈయన ఊరుకున్నాడా? ఫోను తీసి, కోడి సోఫాలో కునుకు తీస్తున్న ఫొటో, కిటికీలోంచి వాన చూస్తున్న ఫొటో చూపించాడు. "ఇవాళ కాస్త జలుబు చేసింది లెండి" అని కూడా కలిపాడు. విలేకరి ఆ ముక్కను మెల్లగా పళ్ళెంలో పడుకోబెట్టి, మంచినీళ్ళడిగాడు.

చచ్చిన కోడిని లొట్టలేసుకుంటూ తినే జనం, బతికున్న కోడి మాటెత్తగానే ఎందుకు బెంబేలెత్తుతారో ఆయనకు అంతుపట్టేది కాదు.

"అన్నయ్యా, మీకు దండం పెడతాను. తినేవాళ్ళకు ఆకలి గుర్తుండాలి గాని కోడి గుర్తుకు రాకూడదు," అని వంటావిడ మొత్తుకునేది.

"మంచి కబురే కదమ్మా చెప్తున్నాను!"

"ఆ కబురేదో చేతులు కడుక్కున్నాక చెప్పకూడదూ?"

తలూపేవాడు. మర్నాడు మళ్ళీ మామూలే.

చివరికి హాస్టళ్ళకూ ఆస్పత్రులకూ భోజనాలు పంపే పెద్ద సంస్థవాళ్ళు రుచి చూడటానికి వచ్చారు. వాళ్ళు ఊ అంటే వంటగది నిలుస్తుంది, లేకపోతే మూసేయడమేనని మేనేజరు ముందే చెప్పేశాడు. వంటావిడ క్షేమం గారి చేత ఒట్టు వేయించుకుంది. అదీ చాలదని ఆయన నోట్లో ఇంత లావు పిప్పరమెంటు బిళ్ళ కుక్కింది. ఆయన బుగ్గ ఉబ్బించుకుని బుద్ధిగా ఓ మూల నిలబడ్డాడు.

వంటావిడ పొగలు కక్కే మాంసాన్ని బల్లమీద పెట్టి, కత్తి తీసింది. మూలనుంచి బిళ్ళ కటుక్కున విరిగిన చప్పుడు వినిపించింది.

"కోడి క్షేమంగా ఉంది చెల్లెమ్మా!"

"ఏ కోడి?" అన్నాడు పెద్ద అధికారి. ఇంకేముంది, ఫోను బయటికొచ్చింది. వచ్చినవాళ్ళు ఫొటోలన్నీ మర్యాదగా చూశారు, మర్యాదగా లేచారు, ఆలోచించి చెబుతామన్నారు. చెప్పలేదు. వంటగదికి తాళం పడింది.

"మీ కోడి క్షేమమే అన్నయ్యా. నా వంటగదే పోయింది," అంది వంటావిడ.

ఆయన తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు.

అనేసిందే గాని ఆవిడకు మనసు మనసులో లేదు. అంత కష్టపడి పెంచిన మాంసం ఎవరూ తినకుండానే పోతోందని బాధ, అంత మంచి మనిషిని అంత మాట అన్నానే అని బాధ. చివరి పీపాలోని మాంసం పారేయడానికి చేతులు రాక, వండి డబ్బాలో సర్దుకుని ఆయనింటికి వెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసింది.

"రామ్మా. ఇప్పుడెలా ఉన్నాయి నీ చేతులు?"

"నా చేతులకేం వదినా?"

"ఆ పెద్ద సంస్థవాళ్ళు వచ్చినరోజు మళ్ళీ వణికాయట కదా! ఈయన ఒకటే బెంగ. కోళ్ళు కోసే చోట పనిచేసి వచ్చావుట. కొత్తలో కత్తి పట్టుకుంటే చేతులు వణికేవట. కోడి బతికే ఉందని ఓసారి చెబితే కుదుటపడ్డావట. అప్పట్నుంచీ నువ్వు కత్తి తీస్తే చాలు, ఈయన పరిగెత్తుకొచ్చేవాడు."

వంటావిడ తన చేతుల వంక చూసుకుంది. ఆ వణుకు ఎప్పుడు పోయిందో ఆవిడకే గుర్తులేదు. ఆరోజు కంగారులో మళ్ళీ వస్తే, ఎవరూ చూడలేదనే అనుకుంది.

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా! మరి ఆ ఫొటోలన్నీ ఎందుకు చూపించడం?"

"ఏ కోడి అని పక్కవాళ్ళు అడిగితే నీ సంగతి చెప్పలేడుగా, అందుకే కోడిని చూపించేవాడు! అన్నన్ని ఫొటోలు మాత్రం సొంత సరదాయే. ఆ ఫోనులో నాది ఒక్కటీ లేదు."

ఇంతలో చంకలో కోడితో క్షేమం గారు వచ్చాడు. డబ్బా చూడగానే ఆయన ముఖం వాడిపోయింది.

"చెల్లెమ్మా, వంటగది..."

"పోయిందేదో పోయింది, కూర్చోండి. అందరి చేతా మాన్పించారు గాని, మీరెప్పుడైనా ఒక్క ముక్క తిన్నారా?"

"దీని ఎదురుగానా?" అన్నాడాయన కంగారుగా.

వంటావిడ డబ్బాలోని మాంసం పళ్ళెంలో వడ్డించి ఆయన ముందుకు జరిపింది. ఆయన పళ్ళేన్నీ కోడినీ మార్చి మార్చి చూశాడు. చివరికి కోడిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, పైన తువ్వాలు కప్పి తినసాగాడు. వదిన నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం తలెత్తకుండా, పోగు కూడా మిగల్చకుండా తిని, పళ్ళెం వేలితో తుడిచి నాకాడు.

తర్వాత వంటావిడ చెవి దగ్గరికి వంగి, కోడికి వినబడకుండా అన్నాడు: "చాలా బాగుందమ్మా. ఇంకాస్త ఉందా?"